కాలేయం ఎలుకది, కణాలు మనిషివి: మందుల పరీక్షకు అమ్మే ఒక చిట్టెలుకపై సమీక్ష

మందుల పరిశోధన చేసే ప్రయోగశాలలకు అమ్మే సరుకుల్లో దాదాపు ఇరవై ఏళ్లుగా ఒక అరుదైన ప్రాణి ఉంది. పంజరంలో చూస్తే అది అన్ని ఎలుకల్లాంటి చిట్టెలుకే. దాని కాలేయాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే మాత్రం నూటికి డెబ్బై, ఎనభై, బాగా కుదిరినప్పుడు తొంభై వరకు కణాలు మనిషివే కనిపిస్తాయి. హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటాక వచ్చే జీనోమ్ వ్యాలీలో, మందు శరీరంలోకి వెళ్లాక ఏమవుతుందో పరిశీలించే విభాగంలో పనిచేస్తూ నేను ఈ ఎలుకలతో రెండు అధ్యయనాలు చేశాను. ఒకటి మాకు ఎంతో మేలు చేసింది, రెండోది చాలా రోజులు నిద్ర లేకుండా చేసింది. ఈ ఎలుక ఖరీదైనది, తెప్పించడం కష్టమైనది, ఒకసారి తెప్పించాక వెనక్కి పంపే వీలు లేనిది. కాబట్టి ఏ పనికి కొనాలో, ఏ పనికి కొనకూడదో తెలుగులో ఒకచోట రాసి ఉంచడం అవసరమని నాకు అనిపించింది.

మామూలు ఎలుక ఎందుకు చాలదన్నది మొదట చెప్పుకోవాలి. మనం మింగిన మందును విరగ్గొట్టే పనిలో ఎక్కువ భాగం కాలేయంలోని సైటోక్రోమ్ ఎంజైములు చేస్తాయి, ఆ ఎంజైముల కుటుంబాలు ఒక్కో జీవిలో ఒక్కో రకంగా పెరిగాయి. ఉదాహరణకు 2డీ అనే కుటుంబంలో మనిషికి సరిగా పనిచేసేది 2డీ6 ఒక్కటే ఉండగా, చిట్టెలుకకు అదే కుటుంబంలో తొమ్మిది జన్యువులు ఉన్నాయి. అందువల్ల ఒకే మందు ఎలుకలో ఒక దారిన, మనిషిలో మరొక దారిన విరుగుతుంది, విరిగాక పుట్టే పదార్థాలు, అంటే మెటబొలైట్లు, వేరువేరుగా ఉంటాయి. మనుషుల కాలేయ కణాలనే తెచ్చి గిన్నెలో పెంచి చూడవచ్చు కదా అంటే, శరీరం బయటికి వచ్చిన కాలేయ కణం కొద్ది రోజుల్లోనే తన ఎంజైములను పోగొట్టుకుంటుంది, పైగా గిన్నెలో అది సరిగా విభజన చెందదు. బతికున్న ఒక శరీరంలో, రక్తం ప్రవహిస్తున్న ఒక కాలేయంలో మనిషి కణం పనిచేస్తుండగా చూడాలన్న కోరిక నుంచే ఈ సరుకు పుట్టింది.

దీని తయారీని అర్థం చేసుకుంటే సగం సమీక్ష అయిపోయినట్టే, ఎందుకంటే దీని బలమూ బలహీనతా రెండూ తయారీలోనే ఉన్నాయి. మనిషి కణాలను ఆరోగ్యంగా ఉన్న ఎలుక కాలేయంలోకి పంపితే అవి నిలదొక్కుకోవు, వాటికి చోటు ఉండదు. అందుకని ముందు ఎలుక రోగనిరోధక శక్తిని జన్యుపరంగా తీసివేసి, పరాయి కణాన్ని తిరస్కరించే వీలు లేకుండా చేస్తారు. ఆ తర్వాత ఎలుక సొంత కాలేయ కణాలు మాత్రమే నశించేలా, మనిషి కణాలకు ఏమీ కాకుండా ఉండేలా ఒక ఉపాయం పన్నుతారు. అప్పుడు ప్లీహంలోకి సూదితో ఎక్కించిన మనిషి కణాలు రక్తంతో పాటు కాలేయానికి చేరి, ఖాళీ అవుతున్న చోటులో స్థిరపడి విభజన చెందుతాయి. ఎక్కించేది కొన్ని లక్షల కణాలే అయినా, కొన్ని వారాల తర్వాత ఆ కాలేయాన్ని నింపేది వాటి సంతతే. గిన్నెలో విభజన చెందని కణం, కాలేయానికి అవసరం ఏర్పడినప్పుడు మాత్రం అద్భుతంగా విభజన చెందుతుంది. ఈ రంగంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం ఇదే.

ఎలుక కణాలను నశింపజేసే ఉపాయాన్ని బట్టి మార్కెట్లో ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి. మొదటిది యూపీఏ రకం. కాలేయ కణాల్లో యూరోకైనేజ్ అనే ఎంజైమును అతిగా తయారుచేయించడం వల్ల ఆ కణాలు దెబ్బతింటాయి. 2001లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆల్బర్టా విశ్వవిద్యాలయం వారు ఈ రకం ఎలుకలోనే హెపటైటిస్ సి వైరస్‌ను పెంచి చూపారు. జపాన్‌లోని హిరోషిమాలో కట్సుతోషి యోషిజాటో, చిసే తతెనో బృందం 2004లో ఈ పద్ధతితోనే దాదాపు పూర్తిగా మనిషి కణాలతో నిండిన కాలేయాన్ని సాధించింది. ఫీనిక్స్‌బయో అనే సంస్థ అమ్మే పీఎక్స్‌బీ ఎలుక ఈ వంశానికి చెందినదే. ఈ రకంలో ఎలుక పిల్లకు రెండు నుంచి నాలుగు వారాల వయసులోనే కణాలు ఎక్కించాలి, లేకపోతే అది రక్తస్రావంతో చనిపోవచ్చు. కొన్నిసార్లు ఎలుక కణాలు ఆ హానికర జన్యువును తమంతట తామే వదిలించుకుని తిరిగి పెరిగి, మనిషి కణాలకు దక్కవలసిన చోటును ఆక్రమిస్తాయి.

రెండోది ఎఫ్‌ఆర్‌జీ రకం. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో మార్కస్ గ్రోంప్ బృందం 2007లో ప్రకటించిన ఈ ఎలుకలో టైరోసిన్‌ను విరగ్గొట్టే ఎఫ్‌ఏహెచ్ అనే ఎంజైము ఉండదు. పిల్లల్లో పుట్టుకతో వచ్చే మొదటి రకం టైరోసినీమియా జబ్బులో లోపించేది కూడా ఇదే ఎంజైము. ఆ జబ్బుకు వాడే నిటిసినోన్ మందును తాగే నీళ్లలో కలిపి ఇచ్చినంత కాలం ఎలుక ఆరోగ్యంగా ఉంటుంది, ఆపితే దాని సొంత కాలేయ కణాలు విషంతో నశిస్తాయి. ఎఫ్‌ఏహెచ్ ఉన్న మనిషి కణాలకు మాత్రం ఏమీ కాదు. నీళ్ల సీసాలోని మందును పెడుతూ తీస్తూ కాలేయాన్ని నడపవచ్చన్నమాట. యెక్యూరిస్ అనే సంస్థ ఈ రకాన్ని అమ్మకానికి తెచ్చింది. మూడోది జపాన్‌లో తయారైన టీకే-ఎన్‌ఓజీ రకం. ఇందులో కాలేయ కణాలకు హెర్పిస్ వైరస్‌కు చెందిన ఒక ఎంజైమును చేర్చి, కొద్ది మోతాదులో గాన్‌సైక్లోవిర్ ఇస్తే ఎలుక కణాలు మాత్రమే చనిపోయేలా చేస్తారు. నా అనుభవం ఎఫ్‌ఆర్‌జీ రకంతో. ఎదిగిన ఎలుకలో కూడా కణాలు ఎక్కించే వీలు ఉండటం, ఎలుకను కావలసినంత కాలం నిటిసినోన్‌పై నిలిపి ఉంచగలగడం నాకు దాని ప్రధాన సుగుణాలుగా కనిపించాయి.

ఎంత శాతం మనిషి కణాలు ఉన్నాయో ఎలుకను చంపకుండా ఎలా తెలుస్తుందన్న ప్రశ్న ప్రతి కొత్తవారూ అడుగుతారు. దానికి జవాబు ఆల్బుమిన్, అంటే కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రోటీను. మనిషి కాలేయ కణం తయారుచేసే ఆల్బుమిన్‌ను ఎలుక ఆల్బుమిన్ నుంచి వేరుగా గుర్తించే పరీక్ష ఉంది. తోక నుంచి తీసిన ఒక చిన్న రక్తపు చుక్కలో మిల్లీలీటరుకు కొన్ని మిల్లీగ్రాముల మానవ ఆల్బుమిన్ ఉందంటే కాలేయం చాలావరకు నిండినట్టే. ప్రతి ఎలుకకూ ఈ అంకె విడిగా ఇచ్చే పద్ధతి ఉంది. ఆ అంకె లేకుండా ఏ ఎలుకనూ తీసుకోవద్దని నా సలహా, ఎందుకంటే ఒకే విడతలో వచ్చిన రెండు ఎలుకల మధ్య కూడా ఈ అంకెలో చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. అధ్యయనం మొదలుపెట్టే రోజున మా దగ్గర మళ్లీ ఒకసారి కొలిచాకే ఎలుకలను బృందాలుగా విడదీశాము.

ఈ ఎలుక విలువ ఎంతో చెప్పాలంటే ఫియాలురిడిన్ గురించి చెప్పక తప్పదు. 1993లో అమెరికాలోని బెథెస్డాలో జాతీయ ఆరోగ్య సంస్థల్లో హెపటైటిస్ బి రోగులు 15 మందికి ఈ మందును ఇచ్చి చూశారు. అంతకుముందు జంతువులపై చేసిన పరీక్షల్లో కాలేయానికి ప్రమాదం ఉన్నట్టు తెలియలేదు. వారాల తర్వాత ఏడుగురిలో కాలేయం తీవ్రంగా దెబ్బతింది, వారిలో ఐదుగురు చనిపోయారు, మిగిలిన ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. మనిషి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోకి ఈ మందును చేరవేసే రవాణా ప్రోటీను, ఎలుక మైటోకాండ్రియా మీద ఉండదని తర్వాత తేలింది. 2014లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన గ్యారీ పెల్జ్ బృందం మనిషి కాలేయ కణాలున్న టీకే-ఎన్‌ఓజీ ఎలుకలకు ఇదే మందును ఇచ్చినప్పుడు కొద్ది రోజుల్లోనే వాటి కాలేయం విఫలమైంది. మనిషి కణాలు లేని అదే జాతి ఎలుకలకు ఏమీ కాలేదు. ఆ పత్రాన్ని మొదటిసారి చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. ఇరవై ఏళ్ల ముందు ఈ ఎలుక ఉండి ఉంటే ఆ ఐదుగురి సంగతి ఏమయ్యేదన్న ఆలోచన ఈ వృత్తిలో ఉన్నవారిని ఎవరినైనా కలవరపెడుతుంది.

వైరస్‌ల విషయంలో దీనికి సాటి వచ్చే చిన్న జంతువు లేదని నా అభిప్రాయం. హెపటైటిస్ బి, సి వైరస్‌లు మామూలు ఎలుక కాలేయ కణంలోకి ప్రవేశించవు. జర్మనీ పరిశోధకులు 2008లో మనిషి కణాలున్న యూపీఏ ఎలుకల్లో, హెపటైటిస్ బి వైరస్ పైపొర నుంచి తీసిన ఒక పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీను ముక్క, ఆ వైరస్‌ను కణంలోకి రానివ్వకుండా అడ్డుకోవడాన్ని చూపారు. ఆ పెప్టైడే తర్వాత బులెవిర్టైడ్ అనే మందుగా మారి 2020లో యూరప్‌లో హెపటైటిస్ డి చికిత్సకు షరతులతో కూడిన అనుమతి పొందింది. మలేరియా కలిగించే ఫాల్సిపేరం పరాన్నజీవి రక్తంలోకి రాకముందు కాలేయంలో గడిపే దశను, 2012లో ఎఫ్‌ఆర్‌జీ ఎలుకల్లో పూర్తిగా చూడగలిగారు. జన్యు చికిత్సలో కూడా ఇదే కథ. స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ కే బృందం 2014లో జన్యువును కణంలోకి మోసుకెళ్లే అనేక వైరస్ వాహకాలను కలగలిపి మనిషి కణాలున్న ఎలుకల్లోకి పంపి, వాటిలో మనిషి కణాన్ని బాగా పట్టుకునే ఎల్‌కే03 అనే వాహకాన్ని ఏరి తీసింది. అది ఆ తర్వాత హీమోఫీలియా రోగులపై జరిగిన చికిత్సా ప్రయోగాల వరకు చేరింది. మామూలు ఎలుకలో బాగా పనిచేసే వాహకం మనిషిలో పనిచేయకపోవచ్చు, మనిషిలో పనిచేసేది మామూలు ఎలుకలో ఓడిపోయి ముందే చెత్తబుట్టలో పడిపోవచ్చు. ఆ ప్రమాదాన్ని ఈ ఎలుక తప్పించింది.

ఇక మా సంగతి. మా మొదటి అధ్యయనంలో ప్రశ్న సూటిగా ఉంది. మేము పరిశీలిస్తున్న ఒక రసాయనం మానవ కాలేయ కణాల గిన్నెలో ఒక మెటబొలైట్‌ను కొద్దిగా ఇచ్చింది, మామూలు ఎలుకలోనూ కుక్కలోనూ అది కనిపించలేదు. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మనిషి రక్తంలో మందుకు సంబంధించిన మొత్తం పదార్థంలో 10 శాతం దాటిన మెటబొలైట్ ఏదైనా ఉంటే, దాని భద్రతను జంతువుల్లో విడిగా చూడవలసి రావచ్చు. మనుషులపై ప్రయోగం మొదలయ్యాక అది బయటపడితే నెలలకు నెలలు వెనక్కి పోవాలి. మనిషి కణాలున్న ఎలుకలకూ, అదే జాతికి చెంది మనిషి కణాలు లేని ఎలుకలకూ ఒకే మోతాదు ఇచ్చి పోల్చి చూశాము. మొదటి బృందం రక్తంలో ఆ మెటబొలైట్ స్పష్టంగా, చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపించింది, రెండో బృందంలో లేదు. ఈ పోలిక లేకుండా చేసిన అధ్యయనాన్ని నేను నమ్మను. కాలేయంలో మిగిలిన ఎలుక కణాలు, ఎలుక పేగు, ఎలుక మూత్రపిండాలు తమ వంతు పని తాము చేస్తూనే ఉంటాయి కాబట్టి, ఏది ఎవరి పనో వేరు చేయడానికి వేరే దారి లేదు. ఆ ఒక్క ఫలితంతో మా తర్వాతి ఏడాది ప్రణాళిక మారింది.

రెండో అధ్యయనంలో దెబ్బ తిన్నాము. అదే రసాయనంలో చిన్న మార్పు చేసిన మరొకదాన్ని, కొత్తగా వచ్చిన ఎలుకల విడతకు ఇచ్చాము. ఒక ముఖ్యమైన మెటబొలైట్ దాదాపు మాయమైంది. రసాయన నిర్మాణంలో మేము చేసిన మార్పే దానికి కారణమని అనుకుని సంతోషించాము, అంతర్గత సమావేశంలో అదే చెప్పాము. తర్వాత మా బృందంలో అందరికన్నా చిన్నదైన ఒక అమ్మాయి, కొత్త విడతతో వచ్చిన ధ్రువపత్రాన్ని ఓపికగా చదివి, ఆ కాలేయ కణాలు వేరే దాత నుంచి వచ్చాయనీ, ఆ దాతలో 2డీ6 ఎంజైము జన్యుపరంగానే బలహీనమైనదనీ కనిపెట్టింది. మనిషి మనిషికీ ఉండే తేడాను మేము రసాయనానికి అంటగట్టాము. కాగితం మా చేతిలోనే ఉంది, చదవకపోవడం మా తప్పు. అమ్మినవారు దాచిందేమీ లేదు. అప్పటి నుంచి దాత వయసు, లింగం, ప్రధాన ఎంజైముల జన్యురూపం, ఆ విడత కణాలు ఇంకెన్ని ఎలుకలకు సరిపడా మిగిలి ఉన్నాయన్న వివరం తెలియకుండా మేము ఆర్డరుపై సంతకం పెట్టడం లేదు. ఇదే విషయాన్ని మరోవైపు నుంచి చూస్తే ఒక అవకాశం కూడా ఉంది. బలమైన 2డీ6 ఉన్న దాత కణాలతో కొన్ని ఎలుకలను, బలహీనమైన దాత కణాలతో మరికొన్నింటిని కావాలని తెప్పించుకుంటే, జనాభాలో సహజంగా ఉండే ఆ తేడాను మనుషులపై ప్రయోగానికి ముందే చూడవచ్చు.

ఇప్పుడు లోపాలు. అమ్మకపు పత్రాల్లో మానవీకరించిన కాలేయం అని రాస్తారు, ఆ మాట నాకు నచ్చదు. ఈ ఎలుకలో మనిషివి ప్రధాన కాలేయ కణాలు మాత్రమే. రక్తనాళాల లోపలి పొర, మచ్చ కట్టించే స్టెల్లేట్ కణాలు, చెత్తను మింగే కుఫర్ కణాలు అన్నీ ఎలుకవే. కాలేయం గట్టిపడే జబ్బును ఇందులో చూడాలనుకునేవారు ఎవరి కణం ఎవరికి సంకేతం పంపుతోందో అడుగడుగునా ఆలోచించుకోవాలి. పైగా ఎలుక హార్మోన్లను మనిషి కణం అన్నిసార్లూ గుర్తించదు. ఎలుక పెరుగుదల హార్మోను మనిషి కణం మీది గ్రాహకంపై పనిచేయకపోవడం వల్ల ఆ కణాల్లో కొవ్వు పేరుకుంటుందనీ, మానవ హార్మోను ఇస్తే తగ్గుతుందనీ హిరోషిమా బృందమే చూపింది. కొవ్వు కాలేయంపై పనిచేసే మందులను పరీక్షించేవారు ఈ విషయాన్ని మొదటి పేజీలోనే రాసుకోవాలి, ఎందుకంటే మీరు జబ్బు తెప్పించకముందే ఆ కాలేయంలో కొంత కొవ్వు ఉంది. అలాగే పైత్య ఆమ్లాల తయారీని అదుపు చేయమని పేగు పంపే సంకేతం ఎలుకలో ఒకటి, మనిషిలో మరొకటి. ఆ సంకేతం అందకపోవడం వల్ల మనిషి కణాలున్న కాలేయం ఉండవలసిన దానికన్నా పెద్దదవుతుంది. మానవ ఎఫ్‌జీఎఫ్19 సంకేతాన్ని ఎలుకకు చేర్చినప్పుడు కాలేయం పరిమాణం సరైన స్థాయికి వచ్చిందని 2015లో పోర్ట్‌లాండ్ బృందం చూపింది. అయితే మామూలుగా కొనే ఎలుకలో ఆ మార్పు ఉందని అనుకోకుండా అడిగి తెలుసుకోవాలి.

అన్నిటికన్నా పెద్ద లోటు రోగనిరోధక శక్తి లేకపోవడం. మనిషి కణాలు నిలవాలంటే దాన్ని తీసివేయక తప్పదు, తీసివేశాక రోగనిరోధక వ్యవస్థ వల్ల కాలేయానికి జరిగే హాని ఏదీ ఇందులో కనిపించదు. మన దేశంలో మందుల వల్ల కాలేయం దెబ్బతినే కేసుల్లో క్షయ మందులది పెద్ద భాగం. అలాంటి హానిలో కణంపై నేరుగా పడే విష ప్రభావం ఎంత, రోగనిరోధక స్పందన పాత్ర ఎంత అన్న ప్రశ్నకు ఈ ఎలుక మొదటి సగానికే జవాబు చెప్పగలదు. ఈ ఎలుకలో హాని కనిపించలేదు కాబట్టి మందు భద్రమైనదని ఎవరైనా నివేదికలో రాస్తే, ఆ వాక్యాన్ని నేను కొట్టివేస్తాను. హాని కనిపిస్తే మాత్రం దాన్ని చాలా గంభీరంగా తీసుకుంటాను.

దాతల కొరత ఈ మొత్తం వ్యవహారానికి మూలంలో ఉన్న చిక్కు. ఎలుకల్లోకి వెళ్లే మంచి కణాలు చాలావరకు మార్పిడికి పనికిరాని మానవ కాలేయాల నుంచి వస్తాయి, ఒక దాత కణాలు అయిపోతే అదే దాత మళ్లీ దొరకడు. అందుకే మూలకణాల నుంచి కాలేయ కణాలను తయారుచేసి ఎలుకల్లోకి ఎక్కించాలన్న ప్రయత్నం ఇంత జోరుగా సాగుతోంది. ఈ కణాలతో చేసిన ఎలుకలు తీసుకుంటారా అని నన్ను అడిగినవారు ఉన్నారు కాబట్టి, దాని గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను.

ఈ దారిలో ఆశ చాలా ఉంది, తొందరపాటు కూడా జరిగింది. 2000లో గ్రోంప్ బృందం ఎముక మజ్జలోని రక్త మూలకణాలను ఎఫ్‌ఏహెచ్ లేని ఎలుకలకు ఎక్కించగా కాలేయ కణాలు పుట్టాయని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఉత్సాహపడింది. 2003లో అదే బృందం మరింత జాగ్రత్తగా పరిశీలించి, మూలకణం కాలేయ కణంగా మారలేదనీ, ఎక్కించిన కణాలు ఎలుక కాలేయ కణాలతో కలిసిపోయి ఒకటి కావడమే ప్రధాన కారణమనీ తానే ప్రకటించింది. తమ ఫలితాన్ని తామే సరిదిద్దుకున్న ఆ నిజాయితీ నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది. 2004లో నెవాడా విశ్వవిద్యాలయంలో ఎస్మాయిల్ జంజానీ, గ్రాసియెలా అల్మీడా-పొరాడా బృందం, ఇంకా రోగనిరోధక శక్తి ఏర్పడని గొర్రె పిండాల్లోకి మనిషి రక్త మూలకణాలను పంపి, పుట్టిన గొర్రెల కాలేయంలో 20 శాతం వరకు మనిషి కాలేయ కణాలను చూసింది. 2013లో యొకొహామాలో తకనోరి తకెబె, హిదెకి తనిగుచి బృందం ఐపీఎస్ కణాలతో, అంటే ఎదిగిన కణాలను వెనక్కి మళ్లించి చేసిన మూలకణాలతో, తయారైన కాలేయ పూర్వకణాలను, రక్తనాళ కణాలతోనూ మెసెంకైమల్ మూలకణాలతోనూ కలిపి చిన్న మొగ్గలుగా పెంచి ఎలుకలో నాటింది. రెండు రోజుల్లో ఆ మొగ్గలకు ఎలుక రక్తనాళాలు కలిశాయి, ఎలుక రక్తంలో మానవ ఆల్బుమిన్ కనిపించింది. 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షెంగ్ డింగ్, హోల్గర్ విల్లెన్‌బ్రింగ్ బృందాలు మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్టుల నుంచి తయారుచేసిన కాలేయ కణాలను ఎఫ్‌ఆర్‌జీ ఎలుకలకు ఎక్కించినప్పుడు, అవి నెలల తరబడి విభజన చెందుతూ ఎదిగిన కణాల లక్షణాలకు దగ్గరయ్యాయి.

ఇవన్నీ గొప్ప పనులు. అయినా మందుల పరీక్షకు డబ్బు పెట్టి కొనే సరుకుగా చూస్తే, మూలకణాల నుంచి వచ్చిన కాలేయ కణాలు ఇప్పటికీ పిండ దశ పోలికలను పూర్తిగా వదులుకోవు. ఎదిగిన కాలేయం ఆపివేసే ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను అవి తయారుచేస్తూనే ఉంటాయి, మాకు అవసరమైన సైటోక్రోమ్ ఎంజైములు వాటిలో బలహీనంగా ఉంటాయి, ఎలుక కాలేయంలో అవి ఆక్రమించే భాగం దాత కణాలతో పోలిస్తే చాలా తక్కువ. మెటబొలైట్ల కోసం వెతికే నాలాంటివారికి ఈ మూడూ పెద్ద అడ్డంకులే. ఒక అరుదైన జన్యు లోపం ఉన్న వ్యక్తి చర్మం నుంచి కణాలు తీసి, ఆ లోపాన్నే కాలేయంలో చూడాలనుకునేవారికి మాత్రం మూలకణాలే దారి, ఎందుకంటే అలాంటి దాత కాలేయం మరోలా దొరకదు. అలాంటివారు అమ్మేవారిని మూడు సంగతులు అడగాలి: కణాలు ఎలుక కణాలతో కలిసిపోలేదని ఎలా చూపారు, ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఎంత తగ్గింది, మిగిలిపోయిన మూలకణాల నుంచి కణితులు రాలేదని ఎన్ని నెలలు గమనించారు.

మన హైదరాబాద్‌కు ఈ రంగంతో ఉన్న పాత అనుబంధాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలనిపిస్తుంది. 1994లోనే డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, కాలేయం ఒక్కసారిగా విఫలమైన రోగులకు మానవ పిండ కాలేయ కణాలను ఎక్కించిన అనుభవాన్ని అంతర్జాతీయ పత్రికలో ప్రచురించింది. కాలేయ కణం ఒకరి నుంచి మరొకరికి వెళ్లి పనిచేయగలదన్న ఆలోచన ఈ నగరానికి కొత్త కాదు.

తెప్పించుకోవడం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. జంతువులపై ప్రయోగాలకు సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి, జన్యుమార్పిడి జీవి కాబట్టి జీవ భద్రతా సంఘం అనుమతి, విదేశాల నుంచి దిగుమతికి ప్రభుత్వ అనుమతి, విమానాశ్రయంలో జంతు క్వారంటైన్ అన్నీ వరుసగా కావాలి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, మానవ మూలకణాలు ఎక్కించిన జంతువులో అవి బీజ కణాలుగా, అంటే అండంగానో వీర్యకణంగానో, మారే అవకాశం ఉంటే దానికి సంతానం కలిగించకూడదు. ఈ నియమం మూలకణాల రకం ఎలుకలను కొనేవారికి వర్తిస్తుంది కాబట్టి ముందే చూసుకోవాలి. ప్రయాణంలో నీళ్ల సీసాకు బదులు జెల్ పెడతారు. మాకు వచ్చిన ఒక విడత రవాణాలో ఆలస్యమై ఎలుకలు బరువు తగ్గి వచ్చాయి, వాటిని నిటిసినోన్ నీళ్లపై ఉంచి కోలుకునే వరకు ఆగాము. రోగనిరోధక శక్తి లేని ఈ జీవులకు శుద్ధి చేసిన మేత, నీళ్లు, గాలి అన్నీ ప్రత్యేకంగా కావాలి. అంత సౌకర్యం లేని చిన్న ప్రయోగశాలలు ఎలుకలను తెప్పించే బదులు, వాటిని ఇప్పటికే ఉంచుకున్న సంస్థకు తమ రసాయనాన్ని పంపి అధ్యయనం చేయించుకోవడమే మేలు. ఎలుకలను అసలు వాడకుండా, వాటి కాలేయంలో పెరిగిన మనిషి కణాలను తీసి గిన్నెల్లో తాజాగా అమ్మే పద్ధతి కూడా ఉంది. ఎంజైము కొలతలు మాత్రమే కావలసినవారికి అది చాలు. 2023లో మన దేశపు కొత్త మందుల నియమాలకు చేసిన సవరణ, కణాలు, చిప్‌పై పెంచిన అవయవాల వంటి మానవ కణ ఆధారిత పద్ధతులకు చోటు కల్పించింది. కాబట్టి ఆర్డరు పెట్టే ముందు, మీ ప్రశ్నకు నిజంగా బతికున్న ఎలుక కావాలా అని ఒకసారి అడిగి చూసుకోవడం ఆ ఎలుకల పట్ల మనకున్న బాధ్యత కూడా.

మనిషికి మాత్రమే ప్రత్యేకమైన మెటబొలైట్ కోసం, హెపటైటిస్ వైరస్‌ల కోసం, జన్యు చికిత్సా వాహకాల ఎంపిక కోసం అయితే ఈ ఎలుకను నేను మళ్లీ కొంటాను, కొనమని చెబుతాను. కాలేయపు మచ్చ, కొవ్వు, రోగనిరోధక హాని గురించైతే కొనను. మా మూడో ఆర్డరు పోయిన నెల వెళ్లింది. ఇద్దరు దాతలవి, ఒక్కొక్కరి కణాలతో సమాన సంఖ్యలో ఎలుకలు, ఒకరికి 2డీ6 బలంగా ఉన్నది, మరొకరికి బలహీనంగా ఉన్నది. ధ్రువపత్రాలు ముందే వచ్చాయి, ఈసారి వాటిని మొదట చదివింది ఆ అమ్మాయే.